పడుగు దిగినాక

మా ఇంట్లో మగ్గం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. గొప్పకు చెప్పడం లేదు. మా అన్న ముప్పై ఆరేళ్లకే ఎలా పోయాడని ఎవరైనా అడిగితే నేను ఈ మాటతోనే మొదలుపెట్టాల్సి వస్తుంది.

ధర్మవరంలో మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని, గట్టు మీద కూర్చుని పట్టుచీరలు నేస్తాం. నిలువుగా సాగే పోగులన్నిటినీ కలిపి పడుగు అంటారు. మా మగ్గం మీద ఒక పడుగుకు మూడు చీరలు వస్తాయి. మూడోది పూర్తయితే 'పడుగు దిగింది' అంటాం. అయితే దిగగానే మగ్గాన్ని బోసిగా వదిలెయ్యం. పాత పోగుల కొసలు మూరెడు మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతాం. వేల పోగులు. అన్నిటినీ మళ్లీ మొదట్నుంచి దూర్చుకోవడం కంటే అతుక్కోవడం తేలిక. పొద్దున పడుగు దిగితే మధ్యాహ్నానికల్లా అతకడానికి మనిషి కూర్చుంటాడు. ఆ లెక్కన మా నాయన కాపురం పెట్టిన రోజు మగ్గానికెక్కించిన పడుగే, తోకకు తల అతుక్కుంటూ, ఇన్నేళ్లుగా నడుస్తోందని చెప్పాలి. ఆయన అదే చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పేవాడు. "పడుగు నడుమన కత్తెర పెట్టగూడదు. నడుమన తెగితే ఇంట్లో ఎవురిదో ఒకరిది ఆయుస్సు తెగుతాది." ఈ నమ్మకం మా వీధిలో అందరికీ ఉందని చెప్పలేను. ఎదురింటివాళ్లు నవ్వేవాళ్లు. మా ఇంట్లో మాత్రం అది చట్టం. దాని కిందే ఇంకో చట్టం ఉంది: పడుగు నడుమ ఉండగా కొత్త పని ఏదీ పెట్టుకోకూడదు. పెళ్లిచూపులైనా, ఇంటికి సున్నం వేయడమైనా, పన్ను పీకించుకోవడమైనా సరే, జవాబు ఒకటే. "పడుగు దిగినాక పోదాంలే."

నాయన గుండెపోటుతో పోయినప్పుడు కూడా మగ్గం మీద ఒకటిన్నర చీర పని మిగిలి ఉంది. పెద్దకర్మ అయిన మర్నాడే అన్న ఆ గుంతలో దిగి మిగిలింది నేసేశాడు.

ఇక మా జబ్బు సంగతి. నాకూ అన్నకూ పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బు ఉంది. తలసీమియా అంటారు. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు, తయారైనది నిలవదు. మా అమ్మది కదిరి పక్కన ఒక పల్లె. బంధుత్వం బయటికి పోకూడదని ఆమెను సొంత మేనమామకే ఇచ్చారు. ఆయన రక్తంలో ఒక లోపం, ఆమె రక్తంలో అదే లోపం. విడివిడిగా ఇద్దరినీ ఏమీ చేయలేదు. రెండూ కలిసి మా ఇద్దరికీ వచ్చాయి. ఆస్తి ఉండి పంచి ఉంటే కూడా ఇంత సమానంగా పంచగలిగేవాళ్లు కాదు.

మూడు వారాలకొకసారి అనంతపురం పోయి రక్తం ఎక్కించుకోవడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. అన్నకూ నాకూ పక్కపక్క మంచాలు. వాడు నాకంటే మూడేళ్లు పెద్ద అయినా చూడ్డానికి ఎప్పుడూ పదిహేనేళ్ల పిల్లాడిలాగే ఉండేవాడు. పొట్టి మనిషి, ఉబ్బిన చెంప ఎముకలు, ముందుకొచ్చిన పళ్లు, కమిలినట్టుండే నల్లటి చర్మం. నోరు మాత్రం ఊరంత. "మనది ఊరందరి రక్తం పాపా. ఎవురితోనూ కొట్లాడేకి ల్యా. యాడ జూసినా చుట్టాలే" అనేవాడు. తాడిపత్రిలో బండలు కోసే ఒకాయన వాడికి చాలాసార్లు రక్తం ఇచ్చాడు. ఆయన రక్తం ఎక్కిన వారమంతా, ఇంట్లో ఏ పని చెప్పినా, "ఈ వారం నేను బండలే కోస్తా, పట్టు కండెలు చుట్టను" అని మొరాయించేవాడు.

రక్తం తక్కువ అంటే మా అమ్మకు తెలిసింది ఒక్కటే. బెల్లం, రాగిసంకటి, మునగాకు. అవి చాలవని, ఊళ్లో గర్భిణీలకు పంచే ఇనుము మాత్రలు ఎలాగో సంపాదించి, మా నోట్లో వేసి, మింగేదాకా పక్కన నిలబడేది. ఎక్కించే ప్రతి సంచి రక్తంతోనూ ఒంట్లోకి ఇనుము చేరుతుందని, దాన్ని బయటికి తోసే దారి ఒంటికి లేదని, అది కాలేయంలో, గుండెలో తుప్పులా పేరుకుపోతుందని డాక్టరమ్మ చెప్పేసరికి అమ్మ మాకు ఏళ్ల తరబడి ఇనుము తినిపించి ఉంది. అది విన్న రోజు అమ్మ అన్నం తినలేదు. ఆ తర్వాత ఇనుమును బయటికి లాగే మందు మొదలైంది. కానీ అప్పటికే చేరింది చేరిపోయింది.

అది చాలదన్నట్టు, చిన్నప్పుడెప్పుడో ఎక్కిన ఏదో రక్తంతో హెపటైటిస్ సి కూడా వచ్చింది. ఇద్దరికీ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే. ఎవరి రక్తమో తెలియదు, తిట్టుకోవడానికి కూడా మనిషి లేడు. ఆ వైరస్ మా కాలేయాల్లో ఇరవై ఏళ్లు కూర్చుని తిన్నది.

దానికి మంచి మాత్రలు వచ్చాక మూడు నెలలు వాడాం. పరీక్షలో వైరస్ లేదని తేలిన రోజు అమ్మ ఆస్పత్రి మెట్ల మీదే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంత సంతోషం ఆమె ముఖంలో అంతకుముందు నేను చూడలేదు. లోపల డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆమెది కూడా ఈ జిల్లానే, సుత్తి లేకుండా మాట్లాడుతుంది.

"వైరస్ పోయింది. అది లివర్ మీద పెట్టిన మచ్చలు పోలేదు. ఇనుము అట్లే ఉండాది. మీ మాదిరోళ్లకు లివర్‌లో క్యాన్సర్ వచ్చేది మామూలోళ్ల కంటే ఎక్కువ. మొదట్లో నొప్పుండదు, ఏమీ తెలీదు. ఆర్నెల్లకొకసారి కడుపు స్కాన్ చేయించుకోవల్ల. బాగుంటే గూడా రావల్ల. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే చేసేకి పని ఉంటాది."

ఇంత వివరంగా చెప్పింది. మేం విన్నది మాత్రం మొదటి రెండు మాటలే. వైరస్ పోయింది. మిగతాదంతా బస్సులోనే జారిపోయింది. క్యాన్సర్ మాట ఇంట్లో చెబితే అమ్మ కొట్టిపారేసింది. "వాడు బీడీ తాగడు, సారాయి తాగడు, టీ గూడా తాగడు. వానికెందుకొస్తాది? దేవుడు ఒక ఇంటికి ఒక రోగమే ఇస్తాడు." దేవుడికి అలాంటి నియమం ఏదీ లేదని అమ్మకు మేమిద్దరమే సాక్ష్యం. కానీ ఆ రోజు నేనూ ఆమె మాటే పట్టుకున్నాను. అది పట్టుకోవడానికి బాగుంది.

మొదటి స్కాన్‌కు వెళ్లాం. ఏమీ లేదన్నారు. రెండో తేదీ వచ్చేసరికి మగ్గం మీద పడుగు సగంలో ఉంది. రక్తం ఎక్కించే రోజు వేరు, స్కాన్ రోజు వేరు. స్కాన్‌కు పరగడుపున పోవాలి, వరసలో కూర్చోవాలి. రక్తానికి పోవడం పాత పని, దానికి పడుగు అడ్డం కాదు. స్కాన్ కొత్త పని. అందులోనూ నొప్పీ గిప్పీ ఏమీ లేకుండా పోయి, రోగం ఉందేమో చూడమని అడిగే పని. అన్న అచ్చం నాయన గొంతుతో, "పడుగు దిగినాక పోదాంలే" అన్నాడు.

పడుగు దిగింది. ఆ మధ్యాహ్నమే కొత్తది అతికారు. మూడో తేదీకి మళ్లీ పడుగు నడుమలోనే ఉంది, ఎవరిదో పెళ్లి ముహూర్తపు చీర. నాలుగో తేదీకి ఏం అడ్డమొచ్చిందో గుర్తు కూడా లేదు. తోకకు తల అతికే ఇంట్లో పడుగు దిగిన రోజంటూ ఒకటి ఉండదని, ఆ మాట మీద వాయిదా వేస్తే ఎప్పటికీ వాయిదానేనని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అప్పుడు తెలియదని మాత్రం చెప్పను. కాస్త తెలుసు.

నేను చేసిన పని కూడా చెప్పాలి. నాలుగో తేదీకి ముందు అన్న నన్ను అడిగాడు.

"పాపా, డాక్టరమ్మ చెప్పింది కదా. ఈ తూరి పోదామా?"

వాడు అడిగాడు. నోరు తెరిచి అడిగాడు. వాడు పోతే నేనూ పోవాలి, అదే బల్ల మీద పడుకోవాలి, అదే తెర చూడాలి. నాకు భయమేసింది. "నువ్వు బాగానే ఉండావు కదన్నా. పడుగు దిగనీలే" అన్నాను. వాడు తలూపి, అడ్డపోగు నడిపే నాడె అందుకున్నాడు. పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న అమ్మ, "పాప చెప్పేది నిజమే" అంది. అంతే, అయిపోయింది.

తర్వాతి ఎండాకాలంలో వాడికి కుడి డొక్కలో నొప్పి మొదలైంది. గుంత మగ్గం నేసేవాళ్లకు డొక్క నొప్పి, నడుం నొప్పి ఉన్నవే. నేసిన చీరను చుట్టుకునే కర్ర ఒళ్లో ఉంటుంది, రోజంతా పొట్టకు ఒత్తుకుంటుంది. అమ్మ ఆముదం వెచ్చబెట్టి రాసి, "మగ్గం నొప్పిలే" అంది. వాడి కళ్లు పచ్చబడ్డాయి. మా కళ్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. పొట్ట పెరిగింది. మా పొట్టలు చిన్నప్పటి నుంచీ పెద్దవే. నీరసంగా ఉందన్నాడు. రక్తం అయిపోయే వారం వచ్చిందనుకున్నాం. కొత్త దొంగ మా పాత చుట్టం చొక్కా వేసుకుని ఇంట్లోకి వచ్చాడు. మేం మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాం.

ఒక రోజు గుంతలోంచి లేవలేకపోయాడు. అమ్మా నేనూ చెరో రెక్క పట్టుకుని పైకి లాగాం. ఆ రోజు స్కాన్ తీసినప్పుడు డాక్టరమ్మ మాతో మాట్లాడకముందు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు కళ్లు మూసుకుంది. ముద్ద చాలా పెద్దదైపోయింది, రక్తనాళంలోకి కూడా పాకింది. కోసే దారి లేదు, కాల్చే దారి లేదు. నొప్పి తెలియకుండా చూసుకోవడం ఒక్కటే మిగిలిందంది. అమ్మ అడిగింది, "మేడమ్, రక్తం ఇంకా రెండు సంచులు ఎక్కువ ఎక్కిస్తే?" ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

శ్రావణం నుంచి కార్తీకం దాకా బతికాడు. చివర్లో వాడి మంచం మగ్గం గదిలోనే వేశాం. అక్కడే వేయమన్నాడు. వాడు నేసి వదిలేసిన చీర అలాగే ఉండేది, ముదురాకుపచ్చ రంగు, సగం దాకా జరీ బుటాలు. ఒక మధ్యాహ్నం అమ్మ బయటికి వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు.

"పాపా, ఆ పడుగు దించెయ్. దించి నువ్వు స్కాన్‌కి పో."

"నువ్వు గమ్మునుండన్నా."

"గమ్మునుండే టైమైపోయిందిలే. చెప్తాండా కదా. దించి పో."

చచ్చేముందు కూడా వాడికి 'దించి పో' అనే వచ్చింది గానీ 'వదిలేసి పో' అని రాలేదు. వాణ్ణి తప్పుపట్టను. ఆ గుంతలో పెరిగినవాళ్లకు మాట అలాగే వస్తుంది.

వాడి పెద్దకర్మ అయ్యాక నేనే గుంతలో దిగాను. వాడి ఆకుపచ్చ చీర పూర్తి చేశాను. ఆ తర్వాత మూడోది నేశాను. పడుగు దిగింది. వాడు చెప్పిన మాట ప్రకారం ఆ రోజే నేను బస్సెక్కాలి. పట్టు ఇచ్చే సావుకారి దగ్గర్నుంచి కొత్త పడుగు అప్పటికే ఇంటికొచ్చి ఉంది. అతకడానికి మనిషిని కూడా అమ్మ పిలిపించింది. నేను బస్సెక్కలేదు. పక్కన కూర్చుని అతికేవాడికి పోగులు అందించాను. అన్న కొసలకు నా తలలు అతుక్కున్నాయి.

అంతా కళ్లారా చూసినదాన్ని, నేనూ రెండు తేదీలు దాటేశాను. ఎందుకని అడిగితే గౌరవంగా చెప్పుకోగలిగే జవాబు నా దగ్గర లేదు. స్కాన్ చేయించుకోకపోతే నాకు ఏమీ లేనట్టే. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లినే నేను. ఒకటే మంచి విషయం, పిల్లికి తన కథ తెలియదు, నాకు తెలుసు. రోజూ మగ్గం మీద కూర్చున్నప్పుడు కుడి చెయ్యి దానంతటదే డొక్క మీదికి పోయేది. ఒత్తి చూసుకునేదాన్ని. ఏదో తగిలినట్టుండేది. వెంటనే, 'అది ఎప్పుడూ ఉండేదే' అనుకునేదాన్ని. అలా ఎన్నిసార్లు అనుకున్నానో. నాడె ఆపి, గుంత గోడకు తల ఆనించి, నేను చచ్చిపోతే అమ్మ ఈ గదిలో ఒక్కతే ఎలా ఉంటుందని ఆలోచించేదాన్ని. తర్వాత మళ్లీ నేసేదాన్ని.

రక్తం ఎక్కించే వార్డులో ఇప్పుడు అందరికంటే పెద్దదాన్ని నేనే. మిగతావాళ్లంతా పిల్లలు. తల్లులు నన్ను చూపించి పిల్లలతో, 'చూడు, అక్క పెద్దయింది కదా, నువ్వు గూడా అవుతావు' అంటారు. బెళుగుప్ప నుంచి వచ్చే ఒక తల్లి ఉంది. రెండేళ్లుగా వాన లేక చేను బీడు పెట్టి, భార్యాభర్తలు కూలికి పోతున్నారు. నాలుగేళ్ల కూతురు. మా అన్న ఆ పిల్లకు ఎప్పుడూ పట్టు పోగులతో చేతికి కడియం కట్టేవాడు. ఒక రోజు ఆమె నన్ను అడిగింది.

"అక్కా, మీ అన్న శానా దినాలుగా కనపడలేదే?"

"బెంగళూరులో పనికి పోయినాడు" అన్నాను.

"పోనీలే, బాగుండాడు కదా. మిమ్మల్నిద్దర్నీ చూస్తేనే మాకు ధైర్యమక్కా. పెద్దయితే ఇంక భయంలేదు కదా?"

ఆ పిల్ల నా వైపే చూస్తోంది. ఆ తల్లికి చెప్పాల్సింది నాకు తెలుసు. బతికి పెద్దయితే అక్కడ ఇంకోటి కాచుకుని ఉంటుంది, అది చిన్నగా ఉండగానే పట్టుకోవాలంటే నొప్పి రాకముందే వెతుక్కోవాలి, బిడ్డ లివర్‌ను ఇప్పట్నుంచే చూసుకో, డాక్టర్ ఏ తేదీ ఇస్తే ఆ తేదీన పో. ఇవన్నీ చెప్పాలి. రెండు తేదీలు ఎగ్గొట్టిన మనిషి ఏ మొహంతో చెబుతుంది? "ఏం భయంలేదు" అన్నాను. ఆ అబద్ధం మీద నాకు ఈరోజుకీ అసహ్యం.

ఆ తర్వాత కొద్ది రోజులకు నాకు కుడి డొక్కలో నొప్పి వచ్చింది. మామూలు నొప్పే, లేచేటప్పుడు కలుక్కుమంది. మూలిగినట్టున్నాను. అమ్మ రాట్నం ఆపింది.

"ఏమే?"

"ఏంలేదుమా. మగ్గం నొప్పి."

అమ్మ నన్ను చూడలేదు. నా వెనక గోడ వైపు, అన్న మంచం ఉండిన చోటు చూసింది.

"రేపు పోదాం పా, స్కాన్‌కి" అంది.

"రెండో చీర నడుమలో ఉండాది కదమా. పడుగు దిగినాక పోతాలే."

అమ్మ రాట్నం పక్కకు జరిపింది. లేచి వంటింట్లోకి వెళ్లింది. నేను బతికిపోయాననుకున్నాను.

మర్నాడు పొద్దున నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి అమ్మ మగ్గం గదిలో ఉంది. గుంతలో దిగలేదు, మగ్గానికి అవతల వైపు, బిగుతుగా సాగిన పడుగు ముందు నిలబడి ఉంది. చేతిలో కత్తెర. చీరల అంచులు సరిచేసే కత్తెర, మగ్గం పక్క గూట్లో ఎప్పుడూ ఉండేదే. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు మొదటి గుప్పెడు పోగులు తెగిపోయాయి.

బిగించిన పట్టు తెగితే పెద్ద చప్పుడు రాదు. కొసలు ఎగిరి వెనక్కి పడతాయి, అంతే. గులాబి రంగు పోగులు అమ్మ చేతుల మీద, ముంజేతుల మీద పడుతున్నాయి. ఆమె ఆగలేదు. ఒక అంచు నుంచి మొదలుపెట్టి రెండో అంచు దాకా, ఆకుకూర కోసినట్టు, గుప్పెడు తర్వాత గుప్పెడు కోసుకుంటూ పోయింది. మధ్యలో కత్తెర మొరాయిస్తే చీరకొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. నాయన మురిసిపోయిన ఇన్నేళ్ల పడుగు నా కళ్ల ముందు కిందికి వేలాడింది.

"అమ్మా, ఏం చేస్తాండావు? నడుమన తెగితే..."

"తెగితే నాది తెగుతాదిలే. నేనేమైనా చిన్నదాన్నా?" అంది. కత్తెర గట్టు మీద పెట్టింది. "ఇగో, దిగింది పడుగు. చీర మార్చుకో. బిన్నా రా, బస్సు పోతాది."

నేను పరగడుపునే ఉన్నాను. ఇక చెప్పడానికి ఒక్క సాకూ లేదు. బస్సులో అమ్మ నా పక్కనే కూర్చుంది. ఆమె రవికె చేతికి గులాబి పోగులు రెండు అంటుకుని ఉన్నాయి. తీయబోతే నా చెయ్యి తోసేసింది.

బల్ల మీద పడుకున్నప్పుడు నేను పైకప్పునే చూశాను. డాక్టరమ్మ పొట్ట మీద ఆ చల్లటి పరికరాన్ని తిప్పుతూ ఒకచోట ఆగింది. ముందుకు జరిపి మళ్లీ అక్కడికే తెచ్చింది. మూడోసారి కూడా అక్కడికే తెచ్చినప్పుడు నాకు తెలిసిపోయింది.

"ఒక మచ్చ ఉండాది" అంది ఆమె. "చిన్నది. ఏందనేది పెద్ద స్కాన్‌లో తేలుతాది. వారం లోపల చేయించల్ల."

"దానివల్లేనా మేడమ్ నొప్పి?"

"లేదు. ఇంత చిన్నది నొప్పి పెట్టదు. నీ నొప్పి మగ్గానిదే అయ్యుంటాది."

అంటే అది నిజంగా మగ్గం నొప్పే. నా నొప్పి నాకు అబద్ధం చెప్పలేదు. అసలు మచ్చ మాత్రం చప్పుడు లేకుండా పక్కనే కూర్చుని ఉంది. నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. అమ్మ బల్ల కాళ్ల వైపు నిలబడి వింటోంది. ఉన్నట్టుండి డాక్టరమ్మను అడిగింది.

"మేడమ్, మా పిల్లోనిది గూడా మొదట్లో ఇంతే ఉన్నింటాదా?"

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాస్తున్నట్టు తల వంచుకుంది. ఆమె అబద్ధం చెబుతుందేమోనని ఆశపడ్డాను. ఆమె అలాంటి మనిషి కాదు.

"ఉన్నింటాదమ్మా. ఇంత ఉన్నప్పుడు వచ్చింటే చేసేకి పని ఉండేది."

అమ్మ తలూపింది.

పెద్ద స్కాన్‌లో అది క్యాన్సరేనని తేలింది. బెంగళూరులో సూదిలాంటిది లోపలికి దించి కాల్చారు. కాలిందన్నారు. అదే లివర్, అవే మచ్చలు, అదే ఇనుము, కాబట్టి ఇంకోచోట మళ్లీ రావచ్చన్నారు. ఇప్పుడు మూడు నెలలకొకసారి పోతున్నాను. పోయే వారమంతా నిద్ర పట్టదు, వచ్చాక రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. బెళుగుప్ప తల్లికి అంతా చెప్పాను, అన్న చావుతో సహా. ఆమె ఏడ్చింది, నా మీద కోప్పడింది, తర్వాత బిడ్డకు ఏమేం చేయించాలో రెండుసార్లు అడిగి తెలుసుకుంది. మగ్గం మీద తెగిన పోగుల్ని అమ్మ ఇంకా ముడి వేస్తూనే ఉంది. ఆమె కళ్లకు పోగు సరిగ్గా ఆనదు. రోజుకు వేలి వెడల్పు కూడా కాదు.

నన్ను వదలకుండా పట్టుకున్నది మాత్రం ఆ మొదటి రోజు, స్కాన్ అయి తిరిగొస్తున్న బస్సు. మధ్యాహ్నం ఎండ. రెండు పక్కలా వానల్లేక మాడిన వేరుశనగ చేలు. అమ్మ కిటికీ పక్క కూర్చుంది. ఆమె చూపు రవికె చేతికి అంటుకున్న ఆ రెండు పోగుల మీద ఉంది. నా గురించి ఆలోచిస్తోందనుకున్నాను. భయపడొద్దని చెబుదామని ఆమె చెయ్యి పట్టుకున్నాను. నా వైపు తిరగకుండానే అంది.

"వాడు పోదామా అని అడిగిన పొద్దు గూడా కత్తెర ఆడనే ఉండె కదమ్మే."